పలకని చెక్క

మా తమ్ముడు ఎమ్మిగనూరులో పాత మగ్గాల గదిని పడగొట్టి అక్కడ రెండు కొట్లు కట్టిస్తున్నాడు. గది ఖాళీ చేసేటప్పుడు దొరికిన వస్తువొకటి గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కర్నూలుకు తెచ్చాడు. కాఫీ అయినా తాగకముందే దాన్ని నా ముందు దించి, "అక్కా, పారేద్దామంటే మనసొప్పలేదు, పెట్టుకుందామంటే తావు లేదు. నువ్వేమన్నా చేసుకో" అన్నాడు. సంచి విప్పితే మోకాలెత్తు చెక్కపెట్టె. ముందువైపు పళ్లెమంత గుండ్రటి కంత, దాని చుట్టూ రెట్టల మరకలు. "ఇన్నేండ్లూ కోళ్లు దీంట్లోనే పొదిగినాయి. శానా పిల్లల్ని లేపినాం" అని గర్వంగా చెప్పాడు. నేను కంతలో తల దూర్చినంత పనిచేసి వాసన చూశాను. కోడి ఈకల వాసన, ఎండుగడ్డి వాసన, వాటి వెనక ఎక్కడో పాత దూది వాసన. ఆ మూడో వాసన తగిలాక తమ్ముడు చెప్పేదేదీ నాకు వినిపించలేదు. నిజానికి ఈమధ్య నాకు ఎవరి మాటలూ సరిగా వినిపించడం లేదు కాబట్టి అందులో పెద్ద వింతేమీ లేదు.

శబ్దానికి లోటు లేదు. కుక్కరు కూత వినిపిస్తుంది, ఆటోల రొద వినిపిస్తుంది, పక్కింటాయన దగ్గు కూడా వినిపిస్తుంది. మాటే అంచులు అరిగిపోయి వస్తుంది. డాక్టరు ఇచ్చిన మిషను చెవిలో పెట్టుకుంటే ఫ్యాను గాలి, నా చీర గరగర, నేను మురుకులు నమిలే చప్పుడు అన్నీ గట్టిగా వినిపించాయి, మా అబ్బాయి మాట తప్ప. పీకి డబ్బాలో పెట్టాను. ఇప్పుడు భోజనాల దగ్గర అబ్బాయి, కోడలు లత ఏదో అనుకుని నవ్వితే, "ఏమంటున్నారు?" అని అడుగుతాను. "ఏం లేదులే అమ్మా" అంటాడు వాడు. పాపం, వాడిని అనడానికేమీ లేదు. నవ్వొచ్చిన మాటను మూడోసారి అరిచి చెబితే అందులో నవ్వు మిగలదు. కానీ ఆ "ఏం లేదులే" విన్నప్పుడల్లా నాకు మా అవ్వ, నాయన తల్లి, గుర్తొస్తుంది. ఆ మాటతో ఆమె ఎన్ని ఏళ్లు కాపురం చేసిందో. ఈ పెట్టె ఆ మాట మీద కోపంతోనే పుట్టింది.

మా ఇంట్లో రెండు గుంత మగ్గాలుండేవి. ఒకటి నాయనది, ఒకటి అమ్మది. నా బడి చదువు ముగిశాక, అమ్మ పొయ్యి దగ్గరికి లేచినప్పుడల్లా ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని నేను కూర్చునేదాన్ని. పొద్దున లేస్తే ముందు గంజి వాసన. పడుగుకు గంజి పట్టించి వీధి పొడవునా సాచి ఆరబెట్టే రోజున వీధి వీధంతా పులిసిన అన్నం వాసన వేసేది. ఆ పడుగు కిందినుంచి దూరి బడికి పోవడం, దాన్ని తాకితే తిట్లు తినడం మా పేట పిల్లలందరికీ మామూలే. అవ్వ స్థానం గడప పక్కన. రాట్నం ముందు కాళ్లు చాపుకుని కండెలకు నూలు చుడుతూ, బుగ్గలో వక్కాకు పెట్టుకుని, పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ ఆపి మాట్లాడించేది. ఎవరింట్లో ఏ కూరో, ఎవరి కోడలు ఎందుకు అలిగిందో ఆమెకు తెలియకుండా మా వీధిలో ఏదీ జరిగేది కాదు. మా ఇంటి పంచాయితీలు కూడా ఆమె రాట్నం దగ్గరే తెగేవి. అలాంటి మనిషికి చెవులు పోయాయి. మగ్గాల చప్పుడులోనే పుట్టి, పెరిగి, ముసలైన మనిషికి చెవులు పోకపోతేనే ఆశ్చర్యం. మొదట్లో ఆమె ఒప్పుకునేది కాదు. "ఈ కాలమోళ్లకు గొంతులే ల్యావు, సంగటి తింటాండారో గాలి తింటాండారో" అని మమ్మల్నే తిట్టేది.

తర్వాత అడగడం మొదలుపెట్టింది. ఎవరొచ్చి పోయినా, "ఏమంట?" రేడియోలో ఏమొచ్చినా, "ఏమంటాండాడు?" మగ్గం మీద చేతులు ఆడుతుంటే మాట ఆపి, లేచి వచ్చి, చెవి దగ్గర అరవడానికి ఎవరికి తీరిక? అందరం ఒకే జవాబు నేర్చుకున్నాం. ఏం లేదులే అవ్వా. ఏం లేదులే అమ్మా. ఏం లేదులే అత్తా. అందులో చెడ్డతనం ఏమీ లేదు, అలసట తప్ప.

కమలాపురం నుంచి మనిషి వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. అవ్వకు ఉన్నది ఒక్కతే చెల్లెలు, ఆమెను ఆ ఊరికిచ్చారు. వచ్చినాయన గడప బయటే నిలబడి, కండువాతో మొహం తుడుచుకుంటూ, ఆమె తెల్లవారుజామున పోయిందని నాయనకు చెప్పాడు. మగ్గాలు ఆగాయి. అమ్మ చేతిలో చాట అట్లాగే ఉండిపోయింది. ఇంట్లో అందరికీ తెలిసింది, గడపకు మూరెడు దూరంలో రాట్నం తిప్పుతున్న అవ్వకు తప్ప. అటువంటి మాట నెమ్మదిగా చెప్పాల్సిన మాట. నెమ్మదిగా చెబితే ఆమెకు వినిపించదు. అరిచి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. అవ్వ మా మొహాలు చూసి, "ఎవరుమే ఆయప్ప? ఏమంటాండాడు?" అని అమ్మనడిగింది. అమ్మ ఆలోచించి కాదు, అలవాటు కొద్దీ, "ఏం లేదులే అత్తా" అనేసింది. అవ్వ మళ్లీ రాట్నం తిప్పింది. నాయన లోపలికి పోయి చొక్కా తొడుక్కుని వచ్చాడు. పట్టపగలు మగ్గం మీదనుంచి లేచి చొక్కా వేసుకోవడం మా ఇంట్లో పెళ్లికో చావుకో తప్ప లేదు. అది పెళ్లిళ్ల కాలం కాదు. అవ్వ చేతిలో నూలు తెగింది. "నా చెల్లెలేనా?" అంది.

అవ్వ కమలాపురం పోయి, దినాలు ముగించుకుని తిరిగొచ్చాక ఒకే ఒక మాట అంది, అదీ మాతో కాదు, రాట్నంతో అన్నట్టుగా. "వీధిలో కుక్కకు గూడా నాకంటే ముందే తెలిసింది." ఆ రోజునుంచి అడగడం మానేసింది. ఎవరొచ్చినా తలెత్తదు. రేడియో మోగుతున్నా మోగకపోయినా ఆమెకు ఒకటే. వక్కాకు కూడా తగ్గించింది. ఆమె అడిగినన్నాళ్లు మాకు విసుగ్గా ఉండేది. అడగడం మానేశాక ఇల్లు బోసిపోయింది. అమ్మ వంటింట్లో ఒక్కతే కళ్లొత్తుకోవడం నేను చాలాసార్లు చూశాను.

నాయన మాటలు తక్కువ మనిషి. ఓదార్చడం ఆయనకు చేతకాదు, ఏదైనా చేతులతో చెయ్యడమే తెలుసు. ఇంటి మాటలకైతే మనుషుల మీద ఆధారపడక తప్పదు, కనీసం లోకం మాటైనా మా అమ్మ ఎవరినీ అడక్కుండా వినాలి, అదీ ఆయన పట్టుదల. అప్పుడు మగ్గాలున్న ప్రతి ఇంట్లోనూ రేడియోకు తీగ కలిపి, ఒక పెద్ద స్పీకరును మట్టికుండ మూతిమీద పెట్టుకునేవాళ్లు. కుండలోంచి గొంతు లావుగా, గంభీరంగా వచ్చేది, పాటలకు బ్రహ్మాండం. మా ఇంట్లోనూ అదే. నాయన ఆ కుండను తెచ్చి అవ్వ పక్కన పెట్టి, వార్తలు పెట్టి, సైగతో అడిగాడు. అవ్వ కాసేపు విని, "బాయిలో పడినోడు పిలిచినట్టుండాది" అంది. కుండ పనికిరాదని తేలింది. చెక్కతో పెట్టె చేయించాలనుకున్నాడు.

చెక్క అంటే మస్తాన్ మామ. మా పేటలో మగ్గాలన్నీ ఆయన చేతివే. ఆయన, నాయన చిన్నప్పటినుంచి ఒకే కంచంలో తిన్నట్టుండేవాళ్లు. చెక్క మంచిదో కాదో తేల్చడానికి ఆయనకు కళ్లతో పని లేదు, వేలి కణుపు చాలు. కొడితే ఖణేలుమని పలికితే మంచి చెక్క. డబ్బుమని ఊరుకుంటే లోపల పురుగో పగులో ఉన్నట్టు. మగ్గం కర్రకూ, పడుగులో దారం మోసే నాడెకూ ఇదే పరీక్ష. మా ఆడవాళ్లు సంతలో కుండ కొనేటప్పుడు కూడా ఇంతే, పలకని కుండను ఎవరూ ఇంటికి తీసుకురారు. "పాడే డబ్బాకు పాడే చెక్క కావల్ల అప్పా. సీదా బాత్" అన్నాడు మామ. నాయనకూ అది సబబుగానే తోచింది. మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు.

నల్లమల కలప ఆత్మకూరు అడితీలకు దిగేది. ముగ్గురం పోయాం, సంగటి మూట నా చేతిలో. అంతదాకా నేను నూలును తప్ప చెక్కను ఎప్పుడూ పట్టించుకోలేదు. అడితీ లోపల అడుగు పెట్టగానే వాసనలు ఒకదానిమీద ఒకటి తోసుకొచ్చాయి. టేకు పొట్టు తోలు చెప్పుల వాసన, వేప పొట్టు చేదు వాసన, అప్పుడే కోసిన ఏగిస దుంగ నెత్తురు కారినట్టు ఎర్రగా ఉంది. మామ వరసగా నిలబెట్టిన చెక్కల మీద కణుపుతో కొడుతూ, చెవి ఒగ్గుతూ, తల అడ్డంగా ఊపుతూ నడిచాడు. నల్లమద్ది బరువని, వేప వంకర తిరుగుతుందని వదిలేసి, చివరికి పలచగా కోసిన ఒక టేకు చెక్క దగ్గర ఆగాడు. కొడితే గుడి గంటకు చెల్లెలిలా పలికింది. మామ మొహం వెలిగిపోయింది. "దీంట్లో కాకి అరిచినా కోకిలే" అన్నాడు.

పెట్టె అందంగా వచ్చింది, అది మాత్రం ఒప్పుకోవాలి. మామ దానికి అంచులు చెక్కి, నూనె పట్టించి, పెళ్లికూతురిలా తయారుచేశాడు. రేడియో పెడితే పక్క వీధివాళ్లు పనులు వదిలి వచ్చారు. పాట వస్తే పెట్టె పెట్టెంతా పాడింది. అందరూ మామ వీపు తట్టారు. నాయన మాత్రం అవ్వనే చూస్తూ నిలబడ్డాడు. వార్తలు మొదలయ్యాయి. అవ్వ వంగి విన్నది, కళ్లు మూసుకుని విన్నది, తర్వాత పెట్టె పక్క చెక్కమీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

"రే నాయనా," అంది. "లోపలాయప్ప మాట్లాడతాండాడు. ఈ పెట్టె గూడా మాట్లాడతాండాది. ఇద్దరూ ఒగేసారి మాట్లాడితే నాకు తెలీదురా."

నేనూ చెయ్యి పెట్టి చూశాను. చెక్క నిజంగానే వణుకుతోంది, లోపలి గొంతు ఎత్తినప్పుడల్లా తానూ ఒక మాట కలుపుతోంది. చెవులు బాగున్న మాకు అది కమ్మదనంగా వినిపించింది. చెవులు చాలని మనిషికి అది అడ్డొచ్చింది. మామ మొహం చిన్నబోయింది. "మంచి చెక్కకు ఈ గతి పట్టింది ఏందప్పా" అని బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు. ఆ ఎండాకాలానికి దాని అతుకులు కూడా విచ్చుకుని, ఉండీ ఉండీ గొంతు జీరబోయింది. అమ్మ దాన్ని ఉప్పుకూ మిరపకాయలకూ వాడుకుంది.

రెండోసారి ఆత్మకూరుకు నాయన నన్ను మాత్రమే తీసుకుపోయాడు. ఈసారి పరీక్ష తిరగబడింది. నేను కొడతాను, పలికిన చెక్కను ఆయన పక్కకు తోస్తాడు. అడితీ యజమాని చూసి చూసి ఉండబట్టలేక, "ఏమప్పా, పలికేదాన్ని ఇడిసిపెడ్తావు, పలకనిదాన్ని పట్టుకుంటావు. ఎండకు తలకాయేమన్నా తిరిగిందా?" అన్నాడు. నాయన, "మూగది కావల్లప్పా" అన్నాడు. పురుగు తిన్నవీ, పుచ్చినవీ యజమాని చూపించాడు, మూగవే గాని పిండి రాలుతున్నాయి. మామిడి చూశాం, అదీ కొంచెం గొణిగింది. చివరికి లారీ ఎక్కించే చోట, బురదలో కాళ్లు దిగకుండా పరిచిన ఒక మందపాటి ప్లైవుడ్ ముక్క మీద నేను నిలబడి ఉన్నాను. నాయన నన్ను పక్కకు జరిపి, వంగి కొట్టాడు. డబ్ అని ఒక్క ముక్క అని ఊరుకుంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే.

దాన్ని ఎత్తి నిలబెట్టి, పంచె కొంగుతో అంచు తుడిచి, బొటనవేలు పెట్టి పొరలు తడిమాడు. ఒక పొర నార నిలువుకు, దాని కింది పొర నార అడ్డానికి, మళ్లీ నిలువుకు. ఆయన నవ్వడం అరుదు. అప్పుడు నవ్వాడు. "ఇది చూడుమా, పడుగూ పేక. నేసినారు దీన్ని" అన్నాడు. ఒక పొర ఇటు సాగుదామంటే రెండోది పట్టి ఆపుతుంది, అందుకే మా ఎండకు పగలదు, అందుకే తనంతట తాను పలకదు. నేతగాడు కాబట్టి ఆయనకు అది చెక్కలాగా కాకుండా గుడ్డలాగా కనిపించింది. ఇప్పుడు ఆ విషయం ఎవరైనా చెబుతారు. ఆ రోజు మాకు మాత్రం ఎక్కడో తప్పిపోయిన చుట్టం కనిపించినట్టయింది.

మస్తాన్ మామను ఒప్పించడానికి వారంపైనే పట్టింది. "తౌబా, ఇది చెక్కా? అట్ట. దీనికి నా ఉలి తాకించాల్నా?" అన్నాడు. నాయన వాదించలేదు. పొద్దున్నే పోయి ఆయన వసారాలో ఆ ముక్క పక్కనే కూర్చునేవాడు, టీ తాగేవాడు, వచ్చేసేవాడు. చివరికి మామ, "మీ అమ్మ నాకు సంగటి పెట్టింది గాబట్టి చేస్తాండా, నీ మొహం చూసి కాదు" అని రంపం తీశాడు. చేస్తే మామ చేసినట్టే చేశాడు. పక్కలు కదలకుండా లోపల ఒక అడ్డకర్ర బిగించాడు, అతుకుల్లో గాలి దూరకుండా బంక నింపాడు. వెనక మూత వేసేముందు, లోపల మెత్తగా ఏదైనా ఉంటే గొంతు తగలి తిరిగి రాదని నాయన మగ్గం కింద రాలిన నూలు పోచలు కూరసాగాడు. అదంతా చూస్తున్న అవ్వ లేచిపోయి, తను కప్పుకునే బొంతలోంచి ఒక పక్క చింపి తెచ్చింది. దాంట్లో ఆమె చెల్లెలి పాత చీర కూడా కలిపి కుట్టి ఉంది, నీలం రంగుది. "దీని నోరు మూయాలంటే నోట్లో గుడ్డ కుక్కాల్సిందే" అని తనే లోపల అంటించింది. కమలాపురం నుంచి వచ్చాక ఆమె పరాచికమాడడం అదే మొదలు.

ఈ పెట్టెను చూడడానికి వీధి రాలేదు. ప్లైవుడ్ పెట్టెకు ఎవరొస్తారు? గొంతు కూడా మునుపటంత లావుగా లేదు. "చప్పగా ఉండాది" అన్నాడు మామ, కొంత సంతోషంగానే. అవ్వ అరచెయ్యి ఆనించి చూసి తీసేసింది. తర్వాత రాట్నాన్ని దాని పక్కకు జరుపుకుంది. ఎట్లా వినిపిస్తోందని మేము అడగలేదు, అడిగితే ఏమంటుందోనని భయం.

ఒక సాయంత్రం రేడియోలో నాటకం వస్తోంది. నాయనా నేనూ మగ్గాల మీదున్నాం, మా చప్పుడులో మాకు ఒక్క ముక్క తెలియడం లేదు. అమ్మ వంటింట్లో రొట్టెలు కొడుతోంది. ఉన్నట్టుండి అవ్వ నవ్వింది. వక్కాకు నోటిలోంచి బయటపడేటట్టు, భుజాలు కదిలేటట్టు నవ్వింది. నాయన చెయ్యి ఆగిపోయింది. అమ్మ పిండి చేతులతోనే తలుపు దగ్గరికి వచ్చి, "ఏమన్నారత్తా? ఎందుకు నవ్వుతాండావు?" అని అరిచింది.

అవ్వ తలెత్తి కోడలిని నిదానంగా చూసింది. చూసి, "ఏం లేదులేమ్మా" అంది.

అమ్మ అక్కడే గడప మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో మాకు తెలియలేదు, ఆమెకూ తెలిసి ఉండదు. పిండి చేతులతో మొహం కప్పుకోవడంతో మొహమంతా తెల్లగా అయింది. అవ్వ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, కొంగుతో పిండి తుడుస్తూ, నాటకంలో మామ అల్లుడిని ఎట్లా బోల్తా కొట్టించాడో మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. పెనం మీద రొట్టె మాడిపోయింది. నాయన తల వంచుకుని మళ్లీ నాడె విసిరాడు.

ఆ కాలమే మంచిదని నేననను. అవ్వ చెవులను ఆ మగ్గాలే తిన్నాయి, ఆమెను డాక్టరుకు చూపించాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. నాకు డాక్టరున్నాడు, మిషనుంది, అరచేతిలో పట్టే స్పీకరును మా అబ్బాయి నా పుట్టినరోజుకు తెచ్చాడు. అట్టపెట్టెలో మూసి వచ్చిన ఆ వస్తువును ఎవరూ కొట్టి చూడలేదు, కొట్టి చూడాలని ఎవరికీ తోచదు. అది బాగానే పాడుతుంది. అందులో మాట నాకు అందిందా లేదా అని మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అవ్వలాగా అరచెయ్యి ఆనించి, ఇది పనికిరాలేదు, ఇంకొకటి తే అనడానికి నాకు నోరు లేకపోయింది. పక్కనే నాయనలాంటి మనిషి ఉంటే ఆ నోరు ఉండేదేమో.

తమ్ముడు ఊరికి వెళ్లాక పెట్టెను మా సందులో మైకుసెట్ల అతని దగ్గరికి పట్టుకుపోయాను. అతను చూసి, "ఎందుకమ్మా ఈ తలనొప్పి, రెడీమేడువి ఉండాయి గదా" అన్నాడు. కణుపుతో కొట్టి చూపించాను. డబ్ అంది, ఇన్ని ఎండలకు ఒక్క అతుకూ విచ్చుకోలేదు. అతను కూడా కొట్టి చూసి, కొత్త స్పీకరు బిగించాడు. గడ్డీ ఈకలూ తీసేశాం. మూలన అంటుకుపోయిన బొంత ముక్కను మాత్రం తీయనివ్వలేదు. కోళ్లు దాన్ని ఎంత గీరినా నీలం దారం ఇంకా కనిపిస్తూనే ఉంది.

నిన్న సాయంత్రం వార్తలు పెట్టుకుని పక్కన కుర్చీ వేసుకున్నాను. అన్ని మాటలూ వచ్చాయని చెప్పను. చాలా వచ్చాయి, ఒక్కొక్కటీ అంచుతో సహా. లోపల మిక్సీ తిరుగుతోంది. లత వంటింట్లోంచి తల బయటపెట్టి, "ఏమంటాండారత్తా? మన ఊరి పేరు వినిపించినట్టుండాది" అంది.

అవ్వ జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నాళ్లనుంచో దాచుకున్నట్టు, తియ్యగా వచ్చింది. లత అక్కడే నిలబడి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు, చూస్తోంది. మిక్సీ కట్టేసి రమ్మన్నాను. పక్కన కూర్చోబెట్టుకుని, తుంగభద్ర నీళ్లు తగ్గాయని, కర్నూలుకు రేపటినుంచి కుళాయి రోజు విడిచి రోజు వస్తుందని, ఏయే పేటలకు ఏ పూటో, ఒక్క ముక్క వదలకుండా మొదటినుంచి చెప్పాను.